రాయి పెట్టి చూస్కో

నా మీదికి ఎక్కిన ప్రతి మనిషీ ముందు ఊపిరి బిగబడతాడు. గాలిని లోపల దాచుకుంటే నేను కనిపెట్టలేనని కాబోలు. అలాంటి నమ్మకాలున్న జాతికి పదిహేనేళ్ళుగా సేవ చేస్తున్న కాంటాను నేను. ఒక ఇనుప పలక, ఒక నిలువు కమ్మీ, దాని తల మీద ఎర్రటి అంకెలు వెలిగే చిన్న పెట్టె. రెండు వందల కిలోల వరకు మోస్తానని నా మీద రాసి ఉంది. పగ ఎంత మోస్తానో రాయలేదు.

హైదరాబాదులో ఒక రేకుల షెడ్డులో తయారై హన్మకొండలో వీరేశం సేటు బెల్లం దుకాణానికి వచ్చాను. మేడారం జాతర దగ్గర పడితే నాకు ఊపిరాడేది కాదు. నిలువెత్తు బంగారం మొక్కుకున్నవాళ్ళు వచ్చి నా మీద నిలబడేవారు. బంగారమంటే బెల్లమే. మనిషి ఎంత తూగితే అంత బెల్లం అమ్మవార్లకు. ఆ దుకాణంలో బరువంటే ఎవరికీ సిగ్గుండేది కాదు. భారీ మనిషి ఎక్కితే తల్లులకు దండిగా ముడుతుందని పక్కవాళ్ళు సంతోషించేవారు.

జాతర జాతరకూ అంకెలు పెరగడం ఊళ్ళో అందరికంటే ముందు చూసింది నేనే. మొదట్లో వంద దాటినవాళ్ళు జాతర మొత్తానికి ఇద్దరో ముగ్గురో. తర్వాత రోజుకు అంతమంది. బడికి పోయే పిల్లలు తల్లులకంటే ఎక్కువ తూగసాగారు. జనం దాన్ని చూసి నవ్వుకున్నారే గానీ జబ్బని ఎవరూ అనలేదు. సేటు మాత్రం వ్యాపారి గనుక ఇంకా పెద్ద కాంటా తెచ్చుకుని నన్ను అమ్మేశాడు.

కొన్నవాడు దివాకర్. ఒక బిర్యానీ హోటల్ పైన, మేడ మీద, బరువు తగ్గించే సెంటర్ పెట్టాడు. కింది నుంచి మసాలా వాసన వస్తుంటే పైన డబ్బాలో పొడి అమ్మేవాడు. లిఫ్టు లేదు. మోకాళ్ళు అరిగినవాళ్ళు ఇరవై రెండు మెట్లెక్కి రావాలి. ఎక్కలేనివాళ్ళకు పట్టుదల లేదని అతని తీర్పు.

మొదటి వారమే ఒక మెకానిక్ చేత నా పెట్టె విప్పించి లోపల ఆకుపచ్చ ముక్క ఒకటి అతికించాడు. దాని రిమోట్ దివాకర్ ప్యాంటు జేబులో ఉండేది. ఒక్కసారి నొక్కితే అరకిలో పడిపోతుంది. అంకె ఒక్కటే నాకున్న మాట. ఆ మాట ఇంకొకడి జేబులోకి పోయింది. పగ ఆరోజే పట్టాను.

అనసూర్య వచ్చింది అప్పుడే. బ్లౌజులు కుడుతుంది, నలభై ఆరేళ్ళు, నూట ఇరవై రెండు కిలోలు. పొట్టలో హెర్నియా. రోజంతా మిషన్ ముందు కూర్చుంటే పేగు పొడుచుకొచ్చి ప్రాణం తీసేది. ఇంత బరువులో మత్తు ఇవ్వడం ప్రమాదమని, నూట అయిదుకు వస్తే ఆపరేషన్ చేస్తామని పెద్దాసుపత్రి డాక్టరమ్మ చెప్పిందట. ఇది సోమరితనం కాదు, జబ్బు, వారం వారం రమ్మని కూడా చెప్పిందట. కానీ ఆసుపత్రికి పోయే బస్సులో ఆమె పక్క సీటు ఖాళీగా ఉన్నా జనం నిలబడే ప్రయాణం చేస్తారు. దానికంటే ఇరవై రెండు మెట్లే నయమనుకుంది.

ఆమె నా మీద మొదటిసారి కాలు పెట్టినప్పుడు, కాంటా విరగదు కదా అని దివాకర్ అందరినీ నవ్వించాడు. నేను విరగలేదు. గుర్తుపెట్టుకున్నాను.

ప్రతి సోమవారం ఒకటే తంతు. దివాకర్ ఆమె కార్డు మీద పోయిన వారం అంకె చూసుకుంటాడు. నా ముఖానికి అడ్డంగా నిలబడి, దానికంటే కాస్త కిందికి వచ్చేదాకా జేబులో నొక్కి, పక్కకు జరుగుతాడు. అసలు అంకె వైపు ఎన్నడూ చూడడు. తర్వాత చప్పట్లు. పాపం, ఆమె నిజంగానే కడుపు మాడ్చుకుంది. ఏడు నెలల్లో నిజంగా ఒక కిలో తగ్గింది. కార్డు మీద పద్దెనిమిది తగ్గింది.

ఆ తర్వాతిదంతా ఆమె నోటి నుంచి విన్నదే. నూట నాలుగుకు దిగానన్న సంబరంతో, డాక్టరమ్మ దగ్గరికంటే ముందు వీరేశం సేటు దగ్గరికి పోయింది. నూట అయిదు లోపలికి వస్తే నిలువెత్తు బంగారమిస్తానని మొక్కుంది మరి. సేటు కొత్త కాంటా నూట ఇరవై ఒకటి చూపించింది. అమ్మవార్ల బంగారంలో మోసమా అని ఆమె సేటుతో కొట్లాట పెట్టుకుంది. సేటు గొంతు పెంచలేదు. "కాంటా మీద కోపమెందుకు చెల్లె, రాయి పెట్టి చూస్కో" అని తూకపురాళ్ళు ముందుకు జరిపాడట. ఆమె ఒక్కొక్కటే పెట్టి చూసుకుంది. కొత్త కాంటా చిన్నమెత్తు కూడా తప్పు చెప్పలేదు.

మరుసటి సోమవారం ఆమె ఎప్పటిలాగే వచ్చింది. బెంచీ మీద పదిమంది ఉన్నారు. నా మీద నిలబడింది. దివాకర్ కార్డు చూశాడు, జేబులో చెయ్యి పెట్టాడు, నవ్వాడు.

"నూట మూడున్నర. అక్కా, ఇంకో అరకిలో తగ్గిండ్రు. అందరూ చప్పట్లు కొట్టాలె."

ఆమె నా మీది నుంచి దిగలేదు. కొంగు తొలగించి, నడుముకు తువ్వాలతో కట్టుకున్న మూట విప్పి బెంచీ మీద పెట్టింది. లావు మనిషి ఒంటి వైపు ఎవరూ సరిగా చూడరు. అది ఆమెకు బాగా తెలుసు.

"ఇది ఐదు కిలోల బెల్లం ముద్ద సారూ. దీన్ని మోస్కొని నేనెట్ల తగ్గిన?"

చప్పట్లు ఒక్కొక్క జతగా ఆగిపోయాయి. దివాకర్ మిషన్ ఖరాబైందన్నాడు, కరెంటన్నాడు. కంగారులో అతని వేళ్ళు జేబులో అటూ ఇటూ తడుముకున్నాయి. నేను ఎదురుచూసిన ఘడియ అదే. అతను నొక్కిన ప్రతి నొక్కునూ బుద్ధిగా పాటించాను. తొంభై ఎనిమిది, తొంభై ఏడున్నర, తొంభై ఏడు. కదలకుండా నిలబడ్డ మనిషి అందరి కళ్ళముందే కరిగిపోతోంది. బెంచీ మీదివాళ్ళు నా ముఖం నుంచి అతని జేబు వైపు తలలు తిప్పారు. తర్వాత లేచారు.

వాళ్ళ ఫిర్యాదు మీద తూనికల అధికారులు వచ్చి నన్ను పట్టుకుపోయారు. కేసు తేలాక ఆకుపచ్చ ముక్క పీకి, ముద్ర వేసి, పెద్దాసుపత్రికి ఇచ్చారు. శుక్రవారాల్లో డాక్టరమ్మ గది బయట ఉంటాను. ఇక్కడ చప్పట్లుండవు. మందులు, తిండి, నడక, మళ్ళీ శుక్రవారం.

అనసూర్య కూడా ఇక్కడికే వస్తుంది. నన్ను గుర్తుపట్టింది, క్షమించలేదు. ఎక్కే ముందు సంచిలోంచి సేటు ఇచ్చిన ఐదు కిలోల రాయి తీసి నా మీద పెడుతుంది. సరిగ్గా ఐదు వెలిగితేనే కాలు మోపుతుంది. అబద్ధం నా నోటి నుంచే వచ్చింది గనుక ఆ శిక్ష నాకు న్యాయమే. నూట పంతొమ్మిది. నూట పదహారు. మళ్ళీ నూట పదిహేడు. ఏడాదిన్నర పట్టింది. పోయిన శుక్రవారం రాయి పెట్టింది, తీసింది, ఎక్కింది. నూట నాలుగు పాయింట్ ఆరు. నర్సు లోపలికి పోయి ఆపరేషన్ తేదీ రాయించుకొచ్చింది.

ఆమె రాయిని సంచిలో పెట్టుకుంటుండగా వరుసలో తర్వాతి మనిషి ముందుకొచ్చాడు. షుగరట, ఆయాసమట. దివాకర్. తాను నోరు నొక్కిన నన్ను అతను పోల్చుకోలేదు. బెల్టు సర్దుకుని, పొట్ట లోపలికి లాగి, ఊపిరి బిగబట్టి ఎక్కాడు.

నూట పదకొండు పాయింట్ రెండు. ఒక్క గ్రాము తగ్గించలేదు. ఒక్క గ్రాము కలపనూ లేదు.

"ఈ కాంటా తప్పు చూపిస్తుంది సిస్టర్" అన్నాడు.

అనసూర్య సంచిలోంచి రాయి మళ్ళీ తీసి అతని ముందు పట్టింది.

"రాయి పెట్టి చూస్కో సారూ."

అతను రాయిని చూశాడు, ఆమెను చూశాడు, కిందికి వంగి నన్ను చూశాడు. చెయ్యి చాపలేదు. వరుసలో అందరూ చదువుకునేదాకా, అతను దిగేదాకా, ఆ అంకెను రెప్పవేయకుండా వెలిగించి ఉంచాను.