సీటు కింద బీరు

బీరు రెండు పెట్టెలు తేవాలి. రంగు కాగితపు ముక్కలు ఒక గోతాం, గులాబీ రంగువైతే మంచిది. కాగితపు దండలు బండికొకటి చొప్పున. పంచదార బిళ్ళలు, ధూపం, పసుపు పూలు. టపాకాయలు, నిరుటిలా తడిసినవి కాకుండా. షోరూము నేల కడగాలి, కానీ మంగళవారం కడగకూడదు, సోమవారమే అయిపోవాలి. కరెంటు బిల్లు కట్టాలి. అన్నిటికన్నా పెద్ద బండిని గుమ్మానికి ఎదురుగా నిలబెట్టాలి.

యోవానా లారూతా ఈ పనులన్నీ చేసింది. ఒక్కటి కూడా మరిచిపోలేదు. వాళ్ళింట్లో ఇంజనీరింగు చదివిన మొదటి మనిషి ఆమె. తండ్రి ఎల్ ఆల్తో నుంచి లా పాస్‌కి మినీబస్సు నడుపుతాడు. కూతురికి మోటారుసైకిళ్ళ షోరూములో, వారంటీ సెక్షన్లో ఉద్యోగం వచ్చిందని బస్సెక్కిన ప్రతివాళ్ళకీ చెప్పాడు. వారంటీ అంటే ఏమిటని అడిగినవాళ్ళకి, "బండి చెడిపోతే కంపెనీ చేత మాట నిలబెట్టించే పని" అన్నాడు. యోవానా కూడా అదే అనుకుని చేరింది.

కార్నివాల్ పండగలో వచ్చే మంగళవారం ఇల్లున్నవాళ్ళు ఇంటికి, కొట్టున్నవాళ్ళు కొట్టుకి, బండి ఉన్నవాళ్ళు బండికి, బీరు పోసి పూలూ కాగితాలూ చల్లే చల్యా పూజ చేస్తారు. కాళ్ళ కింద ఉన్న భూతల్లి పచమామకి ముందు పోసి, తర్వాత మనం తాగాలి. షోరూము యజమాని దోన్ ఫెర్మీన్ అరాందియా ఆ రోజు కొత్త చొక్కా వేసుకుని, మెళ్ళో కాగితపు దండలతో, చేతిలో సీసాతో పెద్ద బండి ముందు నిలబడ్డాడు. కొండలూ ఎడారులూ దాటడానికని తయారుచేసిన సాహసయాత్రల బండి అది. ఏడాదిగా షోరూము గుమ్మం మాత్రం దాటలేదు.

"ఏమ్మా ఇంజనీరూ, ఆ సీటు పైకెత్తి పట్టుకో."

"సీటు కింద వైర్లుంటాయి సార్."

"ఉండనీ. చక్రాల మీద పోస్తే చక్రాలకే పుణ్యం. ఇది అమ్ముడుపోవాలంటే గుండెకాయకి తగలాలి."

చేరి మూడు నెలలైనా కాలేదు, యజమానితో వాదన ఎందుకని యోవానా సీటెత్తి పట్టుకుంది. దోన్ ఫెర్మీన్ సీసాని బాగా కుదిపి మూత తీశాడు. నురగంతా బుసబుసమంటూ వైర్ల మధ్యకి దిగిపోయింది. దాని మీద గుప్పెడు గులాబీ కాగితాలు చల్లాడు. అందరూ చప్పట్లు కొట్టారు. బయట టపాకాయలు పేలాయి, ఈసారి తడిసినవి కావు.

పది రోజులు తిరక్కుండా బండి అమ్ముడుపోయింది.

"చూశావా? మీ కాలేజీలో ఈ పాఠం చెప్పారా?" అన్నాడు దోన్ ఫెర్మీన్.

కొన్నది దోన్యా కసిమీరా తికోనా. యాభై దాటిన మనిషి, అందరూ గౌరవంగా దోన్యా అంటారు. కుచ్చుళ్ళ పరికిణీ కింద తోలు ప్యాంటు వేసుకుని, ఎప్పుడూ నెత్తిన ఉండే గుండ్రటి టోపీని చంకలో పెట్టుకుని హెల్మెట్టు తగిలించుకుంటుంది. ఇన్నాళ్ళూ ఉల్లిపాయల లారీ నడిపింది. ఇప్పుడు బండ్ల మీద ఉయూని ఉప్పు మైదానానికి వెళ్ళే విదేశీయులకి దారి చూపిస్తోంది. ఆ దారులు ఆమెకి తన జడల కన్నా బాగా తెలుసు.

ఆగస్టు మొదట్లో ఆ బండి మళ్ళీ షోరూముకి వచ్చింది, ఉల్లిపాయల లారీ మీద.

"అమ్మాయ్, మీ బండికి ఉప్పంటే భయమా?" అంటూ దిగింది కసిమీరా.

"ఏమైంది దోన్యా?"

"ముందు బ్రేకు దీపం వెలిగింది. తర్వాత అన్ని దీపాలూ వెలిగాయి. పండగ కాబోలు అనుకున్నా. తర్వాత అన్నీ ఆరిపోయాయి."

గోడ మీద కంపెనీవాళ్ళ పెద్ద బొమ్మ ఉంది. అందులో ఇదే బండి నదిలోంచి బురద చిమ్ముకుంటూ గాల్లోకి లేస్తుంది. కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఏదో రాసి ఉంది. కసిమీరా కళ్ళు చికిలించి చూసింది.

"ఏం రాశారక్కడ?"

"బొమ్మలో చూపినట్టు నడిపితే వారంటీ వర్తించదని."

"మరి బొమ్మలో ఉన్నవాడికో?"

"అతను నిపుణుడట దోన్యా."

"అదృష్టవంతుడు." కసిమీరా టోపీ బల్ల మీద పెట్టి కూచుంది. అప్పటిదాకా ఉన్న వెటకారం గొంతులోంచి పోయింది. "విను తల్లీ. నెలాఖరుకి ఎనిమిది మంది విదేశీయులు వస్తున్నారు. పెద్ద బండి ఉంది కాబట్టి ముందు నువ్వే నడవమని యాత్రల ఏజెన్సీ నాకు రాసిచ్చింది. బండి లేకపోతే నా మరిది ఎదెల్మీరో నడుస్తాడు. ఒకసారి వాడు ముందుకి వెళ్ళాడంటే ఇక నేను జన్మంతా వాడి వెనక దుమ్ము తినాల్సిందే. బండి మీద బాకీ మాత్రం నాదే."

యోవానా సీటెత్తింది. బ్రేకుల్ని చూసుకునే కంప్యూటరు డబ్బా, దానికి వచ్చే వైర్ల కొసలు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. ఎండిన పాకంలాంటి బంకలో గులాబీ కాగితాలు అతుక్కుని ఉన్నాయి. ఆ గులాబీ రంగుని ఆమె వెంటనే గుర్తుపట్టింది. ఆ గోతాం బేరమాడి కొన్నది తనే.

"ఏమిటది?" అంది కసిమీరా.

సీటు టక్కున మూతపడింది. "కంపెనీకి రాయాలి దోన్యా," అంది యోవానా.

మర్నాడు కంపెనీవాళ్ళ సావో పావ్లో ఆఫీసు నుంచి వీగాండ్ అనే ఆయన కంప్యూటరు తెర మీదకి వచ్చాడు. మర్యాదస్తుడు. ఫోటోలన్నీ చూశాడు. డబ్బా మొత్తం మార్చాలన్నాడు. దాని ధర వింటే కొత్త బండిలో సగం.

"ఆ గులాబీ పదార్థం ఏమిటి?"

"కాగితం సార్," అంది యోవానా.

"బండిలోకి కాగితం ఎలా వచ్చింది?"

యోవానా మాటలు కూడగట్టుకునే లోపు, పక్కనే కూచున్న కసిమీరా తెర ముందుకి వంగింది. "నాకు తెలిసి కోపకబానా చర్చి దగ్గర అయ్యుంటుంది బాబూ. కొన్న వారమే తీసుకెళ్ళాను. ఫాదరు నీళ్ళు చల్లాడు, కాగితాలు వాళ్ళూ వీళ్ళూ చల్లారు, నేను బీరు పోశాను. చక్రాలకీ నేలకీ."

"బీరు పోశారు."

"చక్రాలకి. పచమామ ఉండేది నేలలో, సీటు కింద కాదు కదా."

"అంటే, బీరు పోసినట్టు ఒప్పుకుంటున్నారు."

"ఒప్పుకోవడమేమిటి బాబూ! పొయ్యకపోతే కదా ఒప్పుకోవాలి!"

వీగాండ్ ఆమెకి కృతజ్ఞతలు చెప్పాడు. సాయంత్రానికి జవాబు వచ్చింది. కంపెనీ ఆమోదించని పులిసిన ద్రవాన్ని కస్టమరు బండి మీద వాడినట్టు స్వయంగా తెలిపినందున వారంటీ చెల్లదు. షోరూముకి ఇంకేమైనా చెప్పాలని ఉంటే వారం లోపల యజమాని సంతకంతో రాయవచ్చు. లేకపోతే ఇదే ఆఖరి మాట.

దోన్ ఫెర్మీన్ తన గదిలో మాంసపు కజ్జికాయ లాంటి సల్తేన్యా తింటున్నాడు, రసం చొక్కా మీద కారకుండా ముందుకి వంగి.

"సార్, అది మనం పోసిన బీరే. సీటు నేనే పట్టుకున్నాను," అంది యోవానా.

ఆయన నమలడం ఆపాడు. "అంటే? చల్యా వల్ల బండి చెడిపోయిందని రాయమంటావా?"

"జరిగింది రాయాలి కదా సార్."

"ఆగస్టులోనా?" ఆయన నేల వంక చూసి గొంతు తగ్గించాడు. ఆగస్టంతా భూమి ఆకలితో నోరు తెరుచుకుని ఉంటుంది. ఆ నెలలో జనం ఆవిడకి పెట్టి పోస్తారు గానీ, ఆవిడ మీద నింద రాసి సంతకం పెట్టరు. "నాకు పెళ్ళాం పిల్లలు ఉన్నారమ్మా."

"అయితే మనం పొయ్యలేదని రాద్దామా?"

"నెమ్మదిగా! వింటుంది! పొయ్యకపోవడమా? ఇరవై ఏళ్ళలో ఒక్క ఏడాది మానలేదు నేను!"

"మరి ఏం రాయను సార్?"

"ఏమీ రాయకు. కొన్నావిడే పోశానంది కదా."

"ఆవిడ చక్రాలకి పోసింది."

"చూడమ్మా," అన్నాడు ఆయన మూతి తుడుచుకుంటూ, ఏ కోపమూ లేకుండా, "వచ్చే నెలలో నీ ఉద్యోగం పక్కా అవ్వాలి. అది మాత్రం గుర్తుపెట్టుకో."

యోవానాకి అది గుర్తుంది. తండ్రి బస్సులో చెప్పే మాట కూడా గుర్తుంది. మర్నాడు పొద్దున్నే కసిమీరాకి ఫోన్ చేసి, సీటు సంగతంతా చెప్పేసింది.

"అదే రోజు ఎందుకు చెప్పలేదు?"

"భయపడ్డాను దోన్యా."

"ఎవరికి? మీ యజమానికా, పచమామకా?"

"ఉద్యోగానికి."

"ఊఁ. అదీ దేవతే," అంది కసిమీరా. "ఇప్పుడేం చేస్తావు?"

చెయ్యడానికి యోవానాకి తెలిసిన పని ఒకటే, ఉన్నదున్నట్టు రాయడం. కంపెనీ కాగితంలో, బండిని అప్పగించే ముందు షోరూము చేసిన పనులు రాయడానికి కొంచెం చోటుంటుంది. నూనె చూశాం, టైర్లలో గాలి చూశాం అని రాసి వదిలేస్తారందరూ. వాటి కింద ఆమె ఇలా రాసింది: 'కార్నివాల్ మంగళవారం, ప్రతి ఏడూ చేసినట్టే, బండికి చల్యా చేశాం. సీటు కింద ఒక సీసా బీరు పోశాం, గులాబీ కాగితాలు చల్లాం. సీటు ఎత్తి పట్టుకున్నది నేను.' బీరు వల్లే చెడిందని రాయలేదు. బీరు వల్ల కాదనీ రాయలేదు.

దాన్ని దోన్ ఫెర్మీన్ ముందు పెట్టింది. "ఇందులో పచమామ మీద ఒక్క నింద లేదు సార్. చల్యా చేశామా లేదా అన్నదే ఉంది. కంపెనీ ఖర్చు మన నెత్తిన వెయ్యొచ్చు. అది చెప్పకుండా సంతకం అడగడం తప్పని చెబుతున్నాను."

ఆయన కాగితం చదివాడు. నేల వంక చూశాడు. మళ్ళీ చదివాడు. మొహం ఎర్రబడింది.

"ఒక సీసానా? ఒక్క సీసా అని రాస్తావా?"

"ఆ బండికి పోసింది ఒకటే సార్."

"రెండు పెట్టెలు తెప్పించాను! సావో పావ్లోలో చదివేవాడు నన్ను పిసినారి అనుకోడూ? ఆగస్టులో ఆవిడ చూస్తే ఏమనుకుంటుంది?" కలం లాక్కుని, పక్కన తన చేత్తో 'మొత్తం రెండు పెట్టెలు, టపాకాయలు కూడా' అని రాసి, దాని కింద సంతకం పెట్టాడు. యోవానా ముందు జాగ్రత్తగా తెచ్చుకున్న మాటలేవీ వాడాల్సిన అవసరమే రాలేదు.

జవాబు నాలుగో రోజుకల్లా వచ్చింది. ద్రవం బండి అప్పగించక ముందే, షోరూము చేతుల మీదుగా లోపలికి చేరినందున కస్టమరు తప్పు లేదు. వారంటీ చెల్లుతుంది. డబ్బా పంపిస్తున్నాం, ఖర్చు షోరూము ఖాతాలో రాసుకుంటున్నాం. దాంతో పాటు ఎత్తు ప్రాంతాల షోరూములన్నిటికీ ఒక ఉత్తర్వు: ఇక మీదట వేడుకల్లో పులిసిన ద్రవాలను చక్రాలకీ నేలకీ మాత్రమే పొయ్యాలి. ఆ పని శిక్షణ పొందిన సిబ్బంది మాత్రమే చెయ్యాలి.

దోన్ ఫెర్మీన్ ఆ రోజంతా ఖర్చు లెక్కలు వేసుకున్నాడు. మర్నాడు ఉత్తర్వుని మళ్ళీ చదివి, అద్దం కట్టించి, నదిలోంచి ఎగిరే బొమ్మ పక్కన తగిలించాడు. "చూశారా? మన చల్యాని కంపెనీ గుర్తించింది!" అని వచ్చినవాళ్ళందరికీ చూపించాడు.

కసిమీరాకీ చూపించాడు. ఆమె నిదానంగా చదివింది. "నేను ఆ బాబుతో చెప్పిన మాటే కదా ఇది? నేను చెబితే నేరం, వాళ్ళు చెబితే ఉత్తర్వు."

యోవానాని ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు, వారంటీ సెక్షన్లోంచి మాత్రం తీసేశారు. శిక్షణ పొందిన మనిషి ఒకరు కావాలి కదా. కంప్యూటరు ముందు ఒక పూట కూచుని, చక్రం మీద ద్రవాన్ని ఏ పక్క నుంచి పొయ్యాలో వీగాండ్ పాఠం చెబుతుంటే విని, పరీక్ష రాసి, ధ్రువపత్రం తెచ్చుకుంది. కూతురు పెద్ద పరీక్ష పాసైందని తండ్రి బస్సులో చెప్పుకున్నాడు. దేంట్లో అని అడిగినవాళ్ళకి మాత్రం కొంచెం తడబడ్డాడు.

గుంపు బయలుదేరే ముందు రోజు డబ్బా వచ్చింది, ఆ సాయంత్రమే బిగించారు. తెల్లవారి షోరూము ముందు ఎనిమిది మంది విదేశీయులు, రాళ్ళ వాన పడినా చెక్కుచెదరని బట్టలేసుకుని, ఎనిమిది పెద్ద బండ్ల మీద వరసగా నిలబడ్డారు. చిట్టచివర ఎదెల్మీరో మూటలు కట్టిన చిన్న బండి మీద మొహం ముడుచుకుని కూచున్నాడు. కసిమీరా అందరికన్నా ముందుంది. పరికిణీ కుచ్చుళ్ళు సర్దుకుని, బీరు సీసా తీసి యోవానా చేతికిచ్చింది.

"నువ్వే పొయ్యి తల్లీ. పత్రం ఉన్నది నీకే కదా."

"ఈసారి సీటు ఎత్తక్కర్లేదుగా దోన్యా?"

"ఎత్తావంటే ఆ టోపీతో కొడతాను."

యోవానా ముందు చక్రానికి కొంచెం, వెనక చక్రానికి కొంచెం, మిగిలింది నేలకి పోసింది. నేల వెంటనే తాగేసింది. కసిమీరా బండి స్టార్టు చేసింది. దీపాలు ఒక్కసారి వెలిగి, ఆరాల్సినవి ఆరి, ఉండాల్సినవి ఉన్నాయి. ఆమె వెనక్కి చూడకుండా ఎల్ ఆల్తో వైపు మలుపు తిరిగింది. ఎనిమిది మందీ వెంట వెళ్ళారు. దుమ్ము ఎదెల్మీరో వంతుకి వచ్చింది.

మీరు ఎక్కడివాళ్ళైనా సరే, రేపు ఒక కొత్త బండి కొంటారు. మీ పద్ధతి ప్రకారం దాని మీద ఏదో ఒకటి పోస్తారు, ఏదో ఒకటి చల్లుతారు. ఆ చెయ్యి పైకి లేచినప్పుడు దోన్యా కసిమీరా తికోనాని ఒక్కసారి తలుచుకోండి. తలుచుకుని, చెయ్యి కాస్త కిందకి దించండి.