కూలి చేతికి

ఎడమ చేత్తో ఆడుతున్నాడు.

కుడి చేతికి మణికట్టు దాకా కట్టు. ఒళ్లో ఫోను. తెర మీద రంగుల చక్రం గిర్రున తిరుగుతోంది. ఇస్త్రీ అక్క వార్డు గుమ్మంలోనే నిలబడిపోయింది. మంచం మీదున్నది ఆమె తమ్ముడు. ఆ మంచం మీది దుప్పటి ఆమె ఇస్త్రీ మిషన్లోంచి వచ్చినదే.

"పరిహారం పడిందక్కా," అన్నాడు తలెత్తకుండా.

"ఏదీ?"

చక్రం ఆగింది. వాడి మొహం చూడగానే ఆమెకు అర్థమైంది. మంచం అంచున కూలబడింది.

"రెండు వేళ్లు పోయి వారం కాలేదురా! ఆ డబ్బు కూడానా?"

వాడు ఫోను బోర్లించాడు. తర్వాత గోడవైపు తిరిగి అన్నాడు: "చెయ్యి దానంతటది మిషన్లో పడలేదక్కా. నేనే పెట్టా. పరిహారం వస్తే పోయిందంతా తిరిగి లాగేద్దామనుకున్నా."

అక్కాతమ్ముళ్లిద్దరూ ఆసుపత్రి బట్టలు ఉతికే కర్మాగారంలో పనివాళ్లు. వాడు బట్టలుతికే డ్రమ్ముల దగ్గర, ఆమె ఆవిరి ఇస్త్రీ మిషన్ మీద. అక్కడ జీతం చేతికివ్వరు. కంపెనీవాళ్ల 'జేబు' అనే యాప్‌లో వేస్తారు. యాప్ తెరిస్తే జీతం అంకె, దాని కిందే పందెం చక్రం. జీతం బ్యాంకుకు మార్చుకోవాలంటే మూడు రోజులు ఆగాలి. చక్రంలో పెట్టాలంటే వేలు తాకిస్తే చాలు. ఆ మూడు రోజుల్లోనే ఎన్ని కొంపలు కూలాయో! జీతం పడిన పూట మైల దుప్పట్ల మూటల మీద మగవాళ్లు వరసగా కూర్చుని ఫోన్ల మీద వేళ్లు ఆడిస్తుంటే, షెడ్డులో మనుషులున్నట్టే ఉండేది కాదు.

తమ్ముడి సంగతి తెలిశాక ఆడవాళ్లే ముందు మిషన్లు ఆపారు. అప్పుడొచ్చాడు కార్మిక సంఘం కార్యదర్శి. ఒకప్పుడు తనూ డ్రమ్ములు తిప్పినవాడే. వాళ్ల డబ్బాల్లో అన్నం తిన్నాడు. "ఈ జూదాన్ని పాతిపెట్టేదాకా నిద్రపోనమ్మా," అని ఇస్త్రీ అక్క తల మీద చెయ్యి వేశాడు. తనే వెంటబెట్టుకుని ప్రభుత్వ విచారణ సంఘం ముందుకు తీసుకెళ్లాడు. తమ్ముడి చెయ్యి ఎత్తి పట్టుకుని ఆమె జరిగిందంతా చెప్పింది. పెద్ద కుర్చీలో ఉన్నావిడ కళ్లు తుడుచుకుంది. జూదం మీద చట్టం వస్తోందన్న కబురు తెలిసిన రోజు షెడ్డంతా చప్పట్లే. బాయిలర్ తాత చిన్నపిల్లాడిలా ఈల వేశాడు.

చట్టం వచ్చింది. మళ్లీ జీతాల రోజూ వచ్చింది.

ఇస్త్రీ అక్క ఫోను తెరిచింది. తెర నిండా ఒక చెయ్యి. రెండు వేళ్లు లేని కుడి చెయ్యి. మణికట్టు దగ్గరి పుట్టుమచ్చతో సహా అది తన తమ్ముడిదే. కింద అక్షరాలు: 'హద్దు తెలిసి ఆడండి. ఇది ప్రభుత్వ అనుమతి పొందిన ఆట.' ఆ చెయ్యి మెల్లగా చెరిగిపోయి, దాని చోట చక్రం తిరగసాగింది.

ఆ సాయంత్రం సంఘం గదిలో కాలు పెట్టడానికి చోటు లేదు. కార్యదర్శి గొంతు సవరించుకున్నాడు.

"ఆవేశపడకండి. నిషేధిస్తే ఏమవుతుంది? సందుల్లో దొంగచాటుగా ఆడతారు. అప్పుడు ఎవరి కాలర్ పట్టుకుంటారు? ఇప్పుడు లైసెన్సు ఉంది, లెక్క ఉంది, పన్ను ఉంది. ఆటకి హద్దు కూడా పెట్టించాం."

"ఎంతన్నా ఆ హద్దు?" అంది దుప్పట్లు మడతపెట్టే ఆమె.

"నెలకి... జీతంలో సగం దాటకూడదు."

మడతలామె అందుకుంది.

"సగం తినడానికి లైసెన్సిచ్చారన్నమాట!"

"అసలు లేనిదానికన్నా ఏదో ఒక అదుపు నయం కదమ్మా," అని గొణిగాడు బాయిలర్ తాత.

ఇస్త్రీ అక్క లేచింది. "తాతా, సందులో ఆడేవాడు సందు దాకా నడిచి వెళ్లాలి. దారిలో పెళ్లామో పిల్లో కనబడితే వెనక్కి తిరగొచ్చు. మనకి జీతం గుమ్మంలోనే దుకాణం పెట్టారు. అన్నా, నేను అక్కడ అడిగింది ఒక్కటే. జీతం, జూదం ఒకే సంచిలో ఉండకూడదని. ఆ ముక్క చట్టంలో ఏదీ?"

"ఆ ముక్కకి కంపెనీలు ఒప్పుకోలేదమ్మా. పట్టుబట్టి ఉంటే చట్టమే వచ్చేది కాదు."

"కంపెనీల్ని అడిగి రాశారా? మరి మమ్మల్నెవరు అడిగారు?"

వెనక నుంచి డ్రమ్ముల కుర్రాడొకడు అరిచాడు: "ఆటల మీద పర్యవేక్షణ కమిటీ వేశారుగా! అందులో అన్నకి కుర్చీ ఉందంట. జీతం ఎవరిస్తారో అడగండక్కా! లైసెన్సు ఫీజులోంచే!"

కార్యదర్శి కాదనలేదు. "లోపల మనవాడొకడు ఉండాలి కదా," అన్నాడు, నేల చూపులు చూస్తూ.

కంచే చేను మేసింది. తల మీద పడిన ఆ చెయ్యి గుర్తొచ్చి ఇస్త్రీ అక్క కొంగుతో నెత్తి తుడుచుకుంది.

"మా వాడి చెయ్యి ఎవరమ్మారు? అదైనా చెప్పు."

కార్యదర్శి తల తిప్పాడు. గోడకు ఆనుకుని ఉన్న తమ్ముడి వైపు చూశాడు.

"నేనే అక్కా," అన్నాడు వాడు. "ఫోటో ఇస్తే నా ఆటలోకి డబ్బులేస్తామన్నారు యాప్‌వాళ్లు. అవి కూడా... పోయాయి."

ఆమె వాడి ముందుకు వెళ్లింది. ఆ చేతిని ఊరూ వాడా చూసేలా ఎత్తి పట్టుకుంది తనే. దానికి బేరం పెట్టింది వీడు. కొడదామని చెయ్యెత్తింది. వాడు తప్పుకోలేదు. ఎత్తిన చెయ్యి అలాగే దిగిపోయింది.

"వీణ్ణి చంపినా చక్రం ఆగదు," అంది జనం వైపు తిరిగి. "రేపటి నుంచి మన కూలి ఆ యాప్‌లో వద్దు. చేతికియ్యాలి. ఇచ్చేదాకా ఆవిరి పుట్టదు."

"రోగుల సంగతో?" అన్నాడు తాత. "దుప్పటి లేకుండా ఎలా పడుకుంటారు? వాళ్లేం పాపం చేశారు?"

వాదన పెరిగింది. మానెయ్యాల్సిందేనని డ్రమ్ములవాళ్లు పట్టుబట్టారు. మడతలవాళ్లు ఒప్పుకోలేదు. చివరికి తేల్చుకున్నారు: ఆపరేషన్ గదుల బట్టలు, పురిటి వార్డు బట్టలు కూలి లేకుండా ఉతుకుతారు. మిగతావన్నీ బంద్.

తెల్లారి కర్మాగారం గేటు ముందు కూర్చున్నారు. మైల మూటలు కొండలా పెరిగాయి. మేనేజరు బెదిరించాడు, బతిమాలాడు. ఆసుపత్రి ఆయాలు బట్టల బండ్లు తోసుకొచ్చి, సంగతి విని, బండ్లు పక్కన పెట్టి వాళ్ల మధ్యే కూర్చున్నారు. వాళ్లకీ జీతం ఆ యాప్‌లోనే.

మధ్యాహ్నానికి పోలీసులొచ్చారు. వెనక జీపులోంచి కార్యదర్శి దిగి, వేలితో ఇస్త్రీ అక్కను చూపించాడు.

"అనుమతి ఉన్న వ్యాపారానికి అడ్డుపడుతున్నావు," అన్నాడు అధికారి.

"అనుమతి మా కడుపులనడిగి ఇచ్చారా?" అంది ఆమె. రెక్క పట్టి వ్యానెక్కించారు. జనం వ్యానుకు అడ్డంగా పడుకున్నారు. లాఠీలు లేచాయి. మడతలామె నుదురు చిట్లింది.

తమ్ముడు వ్యాను కమ్మీ పట్టుకుని వేలాడాడు. "నేనూ వస్తానక్కా!"

"నువ్వెందుకు? ఆటకి బొమ్మయ్యావు, ఇక చాలు. దిగు. దిగి, నోరు తెరిచి చెప్పు."

"ఏం చెప్పను? ఎవరికి?"

ఆమె కమ్మీల సందులోంచి గడ్డంతో చూపించింది. రోడ్డవతల సీసాల కర్మాగారం గేటు తెరుచుకుంది. నీలం చొక్కాల పనివాళ్లు ఫోన్లు పట్టుకుని గుంపుగా ఇటే వస్తున్నారు. వాళ్లకీ జీతాలు అదే యాప్‌లో, ఆ పూటే పడ్డాయి.

వ్యాను కదిలింది. వాడు రోడ్డు మధ్యలోకి వెళ్లి నిలబడ్డాడు. మాట తడబడింది, ఒకసారి ఆగిపోయాడు కూడా. మళ్లీ మొదలుపెట్టాడు.

"ఈ చెయ్యి మీ ఫోన్లలో చూశారు కదా? ఇది నాది. మిషన్లో పడలేదు. నేనే పెట్టాను. ఎందుకో వినండి..."

ముందు వరసలో వాళ్లు ఆగారు. ఫోన్లు కిందికి దిగాయి. వెనకున్నవాళ్లు వినపడక ముందుకు తోసుకొచ్చారు. మలుపు తిరిగేలోగా ఇస్త్రీ అక్కకు తమ్ముడు కనబడలేదు. వాడి చుట్టూ మూగిన జనమే కనబడ్డారు. ఆ వెంటే కొత్త గొంతులు, ఇంకా శ్రుతి కుదరని గొంతులు, వ్యాను వెనక తరుముకొచ్చాయి:

"కూలి చేతికి! కూలి చేతికి!"