అక్క అందించిన మాట

మొదటి గంట కొట్టేసరికి నా నోట్లో తడి ఆరిపోయింది. అరచేతులకు చెమట, అరికాళ్లకు చలి. అయినా లోపలెక్కడో సంతోషం. ఆ వణుకు లేకపోతే నాకు స్టేజీ ఎక్కినట్టే ఉండదు. పగలంతా బట్టల దుకాణంలో జనం విప్పి పడేసినవి మళ్లీ మడతపెట్టే మనిషికి, సాయంత్రం అలా భయపడటం కూడా ఒక వైభవమే.

ఆ రోజు భయానికి ఇంకో కారణం ఉంది. ఊరూరా తిరిగి నాటకాలాడే ఒక పెద్ద కంపెనీ డైరెక్టరు ముందు వరుసలో కూర్చున్నాడు. వాళ్లకు నెలజీతం మీద ఒక నటి కావాలి. నేను నచ్చితే ఈ మడతల బతుకు వదిలిపోతుంది.

నాకంటే అక్కకే కంగారెక్కువ. మా నాటకాలకు అక్క ప్రాంప్టరు. ప్రేక్షకులకు కనపడకుండా తెర పక్కన స్క్రిప్టు పట్టుకుని నిలబడి, ఎవరైనా మాట మరిచిపోతే మెల్లగా అందిస్తుంది. ఆ పని తనకు కొత్త కాదు. చిన్నప్పుడు ఎవరైనా నన్ను పేరడిగినా తనే చెప్పేసేది. నేను నోరు తెరిచేలోగా వాళ్లు వెళ్లిపోయేవాళ్లు.

మేకప్ గదిలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ, "నీళ్లు తాగావా? మూడో రంగం ఒకసారి అప్పజెప్పు," అంది.

"ఎన్నిసార్లే అక్కా. నిద్రలో లేపి అడిగినా చెప్తాను."

"నిద్రలో ఎవరైనా చెప్తారు. ఆయన ముందు చెప్పాలిగా. ముందు వరుసలోనే ఉన్నాడు."

"ఆ సంగతి గుర్తుచేయకపోతే నీ సొమ్మేం పోతుంది?"

మూడో రంగంలో, ఏళ్ల తరబడి కనపడకుండా పోయిన భర్త తిరిగొచ్చి "నన్ను గుర్తుపట్టావా?" అంటాడు. భార్య "మీరెవరో నాకు తెలియదు" అనాలి. రిహార్సళ్లలో ఎప్పుడూ వెంటనే అనేసేదాన్ని. ఆ ఉదయం దుకాణంలో ఉండగా తట్టింది, ఆ ఇల్లాలు అంత తొందరగా అనదని. ముందు చూస్తుంది. చేతిలో పళ్లెం కింద పెడుతుంది. ఇంకా చూస్తూనే ఉంటుంది. ఈ ఆలోచన అక్కకు చెప్పలేదు. చెబితే ఈ రోజు కొత్త వేషాలు వద్దంటుంది, నేను లొంగిపోతాను.

ఆ రంగం రానే వచ్చింది. భర్త వేషం కట్టిన పోస్టాఫీసు గుమస్తా అడగాల్సింది అడిగాడు. నేను చూశాను. పళ్లెం కింద పెట్టాను. హాలంతా బిగుసుకుపోయింది. దగ్గేవాడు దగ్గు ఆపుకున్నాడు. డైరెక్టరు ముందుకు వంగాడు. నా వణుకంతా ఎటు పోయిందో, ఆ నిశ్శబ్దం మొత్తం నా సొంతం అనిపించింది. పుట్టి బుద్ధెరిగాక అంత హాయి ఎరగను.

"మీరెవరో నాకు తెలియదు," అంది తెర పక్కనుంచి అక్క.

కంగారులో గొంతు అదుపు తప్పింది. చివరి వరుసదాకా వినిపించింది. ఒకడు కిసుక్కుమన్నాడు, ఆ తర్వాత అందరూ నవ్వారు. అదే మాట నేను మళ్లీ అన్నాను. ఇంకా నవ్వారు.

గుమస్తా పాపం తన మాటలు తను చెప్పుకుపోయాడు. నా వంతు వచ్చింది. అతన్ని నిలదీసి కడిగేయాల్సిన చోటు అది. ఒక్క ముక్క గుర్తు లేదు. సిగ్గు విడిచి తెర పక్కకు చూశాను. అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, కళ్లల్లో నీళ్లతో నన్నే చూస్తోంది. మాట అందించలేదు. గుమస్తా కాసేపు చెమటలు కక్కుతూ నిలబడి, "సరే, వెళ్లిపోతాను," అని తనకు తోచింది అనేసి వెళ్లిపోయాడు. తెర దించేశారు. హాల్లో దీపాలు వెలిగేసరికి డైరెక్టరు కుర్చీ ఖాళీగా ఉంది.

మేకప్ గదిలో రంగు తుడుచుకుంటుంటే అక్క వచ్చి గుమ్మంలో నిలబడింది. నాకు ఒళ్లు మండిపోతోంది.

"హాలు మొత్తంలో నేను మరిచిపోయాననుకున్నది నువ్వొక్కదానివే," అన్నాను. "సరే, అనుకున్నావు. నిజంగా మరిచిపోయి నీ వంక చూస్తే ఒక్క మాట ఇవ్వలేదేం?"

అక్క కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"మొదటిసారి మరిచిపోయావనుకున్నానే. రెండోసారి నటిస్తున్నావనుకున్నాను. ఎంత బాగా చేస్తోందో అని ఏడుపొచ్చింది."

నా నటనను అక్క మెచ్చుకున్నది ఆ ఒక్కసారే.