మఖ్మల్ గోళ్ళు

గర్... గర్... గర్...

మట్టిలో గోళ్ళ చప్పుడు. తడి మట్టి వాసన.

శాలిబండలోని ఆ పెద్ద దేవిడీ భవంతి పెరట్లో పొద్దున లేవగానే వినపడేది అదే. దానిమ్మ చెట్టు మొదట్లో మఖ్మల్ గుంత తవ్వుతూ ఉండేది. సత్తెమ్మ వెనకాలే పూడుస్తూ ఉండేది.

మఖ్మల్ — జానెడు కుక్క. బొల్లారం దండులోని తెల్లదొర ఒకడు సీమకు పోతూ పోతూ దేవిడీ యజమాని జలాలుద్దీన్ సాబ్‌కు ఇచ్చిపోయాడు. టెరియర్ జాతట. నేలను తాకే తెల్లటి వెంట్రుకలు. వాటి నడుమ నల్లటి కళ్ళు, తడి ముక్కు.

తెచ్చినాయన మోజు నాలుగు రోజుల్లో తీరింది. చాకిరీ సత్తెమ్మకు మిగిలింది.

రోజూ దువ్వాలి. ఒక్కపూట మానితే వెంట్రుకలు ఉండలు కడతాయి. కళ్ళ మూలలు తడిగుడ్డతో తుడవాలి. చెవుల్లో నీళ్ళు పోకుండా స్నానం. కారం తగలని ఉడికిన మాంసం. ఎండాకాలం వట్టివేళ్ళ తడిక పక్కన పడక. సత్తెమ్మ తన తల ఎన్నడైనా అంత ఓపికగా దువ్వుకుందా? లేదు.

శుక్రవారం శుక్రవారం గోళ్ళు కత్తిరించాలి. ఇది షౌకత్ బీ హుకుం. జలాలుద్దీన్ సాబ్ తల్లి, ఇంటికి పెద్ద. తివాచీ మీద ఒక్క గీర పడినా ఊరుకోదు.

కుక్క నోరు తగిలితే ఆ బట్టలతో నమాజు పనికిరాదు. అందుకని ఆ ఇంట్లో ఎవరూ దాన్ని ముట్టుకోరు. ముట్టుకునేందుకే సత్తెమ్మ. ఉప్పుగూడ నుంచి రోజూ నడిచి వచ్చే సత్తెమ్మ.

ఇక దాని మొండితనం — ఏం చెప్పాలి! తాను జానెడేనని దానికి ఎవరూ చెప్పలేదు. టాంగా గుర్రం మీదికి కూడా ఉరికేది. ఎవరి మాటా వినేది కాదు. ఒక్క సత్తెమ్మ మాటే. "ఉండు" అంటే ఉండేది. "భలే" అంటే... అబ్బో, తోకతో పాటు ఒళ్ళంతా ఊపేది.

ఒకనాడు షౌకత్ బీ విసుక్కుంది.

"గీ బొమ్మకు తిండి దండుగ. బియ్యం కొట్టుల ఎలుకలు బస్తాలు కొరుకుతున్నయ్, ఇది మాంసం తిని పండుతది. ఎవనికన్న ఇచ్చెయ్యుర్రి."

సత్తెమ్మ మఖ్మల్‌ను దగ్గరికి లాక్కుంది.

ఇచ్చేస్తారు... నిజంగానే ఇచ్చేస్తారు.

బొమ్మనా ఇది? బొరియల్లో దూరి ఎలుకలను పట్టే జాతి అని సాబే ఎన్నిసార్లు చెప్పుకోలేదు! సరే, పనిచేసి చూపిద్దాం అనుకుంది.

ఇల్లంతా కునుకు తీసే మధ్యాహ్నం, బియ్యం కొట్టు తలుపు తెరిచింది.

మఖ్మల్ మారిపోయింది. చెవులు నిక్కాయి. మొరగలేదు. బస్తాల సందులోకి ఒక్క దూకు — ఒక్క విదిలింపు. ఎలుక మెడ విరిగింది.

"భలే! భలే నా బిడ్డా!"

ఆ మాట అనకపోయినా బాగుండేది.

మెచ్చుకోలు రుచి మరిగిన ప్రాణం. ఇంకొకరూ మెచ్చుకోవాలనుకుంది కాబోలు. సత్తెమ్మ పిలుస్తున్నా ఆగలేదు. మొదటిసారి ఆగలేదు. అప్పుడే లేచి కూర్చున్న షౌకత్ బీ ముందు, తఖ్తు మీది తెల్లటి దుప్పటి మీద, ఎలుకను జాగ్రత్తగా పెట్టింది.

తోక ఊపుతూ నిలబడింది.

ఆ వారమే ఉస్మాన్‌గంజ్‌లో ఎలుకలు రాలుతున్నాయి. ప్లేగు. చచ్చిన ఎలుక కనబడిన ఇంట్లో మనుషులు ఆ పూట ఉండరు. తాళం వేసి ఊరి బయటికి పోతారు. ఎలా చచ్చిందని ఎవరూ అడగరు.

"రోగం లేని ఎలుకనే పాషా! ఉరుకుతుంటె పట్టింది. నా కండ్ల ముంగటనే..." సత్తెమ్మ షౌకత్ బీని బతిమాలింది.

"సచ్చిన ఎలుక సచ్చిన ఎలుకనే! యా అల్లా! దాన్ని నోట్ల పట్టిన కుక్కను నా పిల్లల దిక్కు రానియ్యకుర్రి!"

షౌకత్ బీ భయం అబద్ధం కాదు. వెనకటి ప్లేగు ఆమె చెల్లెళ్ళను తీసుకుపోయింది. ఆమెనేం అంటాం?

టాంగాలు వచ్చాయి. పెట్టెలు ఎక్కాయి. చిలక పంజరం కూడా ఎక్కింది.

సత్తెమ్మ ఉప్పుగూడకు పరుగెత్తింది. మొగుడు రాజన్న గడపలోనే ఆపాడు.

"గా కుక్కనా? తెస్తే వాడకట్టంత మీద పడ్తరు. మనల్ని సుత ఎళ్ళగొడ్తరే. ఒద్దు."

దేవిడీకి భయమే. వాడకట్టుకూ భయమే. జానెడు కుక్కకు జానెడు చోటు లేదు, ఇంత పెద్ద షహరులో!

తిరిగి వచ్చేసరికి గల్లీ మొగలో, ఎలుకను పట్టిన కుక్క కోసం, మనుషులు కర్రలు పట్టుకుని ఉన్నారు. బయట వదిలితే కొట్టి చంపుతారు. జలాలుద్దీన్ సాబ్ తాళంతో నిలబడ్డాడు.

"నువ్వు చెప్తెనే అది లోపట ఉంటది సత్తెమ్మా. జల్ది."

"తాళంచెవి నాకియ్యుర్రి సాబ్. రోజు తిండి పెట్టి పోత."

"రోగం తగ్గేదాంక ఇంట్ల ఎవరు కాలు పెట్టొద్దు."

దానిమ్మ చెట్టు కింద సత్తెమ్మ వంగింది. తొట్టి నిండా నీళ్ళు పోసింది. మఖ్మల్ కళ్ళ మీది వెంట్రుకలు వేళ్ళతో పక్కకు తీసింది.

"ఉండు."

ఉంది. తోక ఊపుతూనే ఉంది. ఆట అనుకుంది.

తలుపు రెక్కలు మూసుకున్నాయి. తాళం పడింది. టాంగాలు కదిలాయి.

కాసేపు ఏ చప్పుడూ లేదు... చెప్పిన మాట వింటోంది. అయ్యో, ఇప్పుడెందుకు విన్నావే, మొండిదానా!

ఆ తర్వాత, తలుపు కింద మొదలైంది.

అక్కడ మట్టి లేదు. షాబాదు బండ.

ఆ రోజు శుక్రవారం. పొద్దున్నే ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ముద్దు చేస్తూ, సత్తెమ్మే దాని గోళ్ళు కత్తిరించింది.

గర్... గర్... గర్...