ఎర్రమందు కలిపిన చేతులు

అంజినమ్మ ఒడి నిండా విత్తనం పోసుకొని గొర్రు వెనక నిలబడింది. మృగశిర కార్తె. రెండేండ్లు ఎండి పగిలిన నేలకు తెల్లవారుజామునే పదును వాన పడింది. గంగాధరప్ప చేనిలో నలభై మంది కూలోళ్లు దిగారు. గొర్రు పట్టింది ఆమె మొగుడు చిక్కన్నే.

గట్టు మీద నుంచి గంగాధరప్ప కేకేశాడు.

"ఎవురుమే ఆడ? మొదటి సాలు పిల్లల తల్లి వెయ్యాలని తెల్దా?"

కూలోళ్లంతా తలలు తిప్పి అంజినమ్మను చూశారు.

"పెండ్లయి ఆరేండ్లయినా కడుపు పండనిదాని చేత్తో నా చేనికి విత్తనమా? దులుపు ఒడి."

అంజినమ్మ మొగుడి వైపు చూసింది. ఆ చూపుకు వాడు సరైన జవాబు చెప్పి ఉంటే ఈ కథ లేదు. చిక్కన్న ఎద్దు మూపు మీద చెయ్యి పెట్టుకొని, "దులుపుమే. పొద్దు పోతాండాది" అన్నాడు.

ఆమె దులిపింది. ఎర్రమందు పట్టించిన గింజలు గట్టు మీద చెల్లాచెదరుగా పడ్డాయి. నలుగురు పిల్లల తల్లి హొన్నమ్మ వచ్చి ఆ చోట నిలబడింది. మొలకలొచ్చాయి. ఆ తరవాత చినుకు లేదు. పైరు మాడిపోయింది. పిల్లల తల్లి చెయ్యి దాన్ని ఆపలేకపోయింది.

గంగాధరప్పకు చేలు మాత్రమే కాదు, రోడ్డు పక్కన విత్తనాల గోడౌను కూడా ఉంది. చుట్టుపక్కల ఊర్లన్నిటికీ చెనిక్కాయ, అంటే వేరుశనగ, విత్తనం అక్కడి నుంచే పోతుంది. విత్తనం కుళ్లకుండా, చీమ తినకుండా ఎర్రమందు కలపాలి. మందు డ్రమ్ముల్లో వస్తుంది. డ్రమ్ము మీద ఇంగ్లీషు రాత, దాని కింద పుర్రె బొమ్మ. కలిపేవాళ్లు పదకొండు మంది మగవాళ్లు. ఎరుపు గుడ్డకు అంటితే వదలదని గోచి తప్ప అన్నీ విప్పేసేవాళ్లు. తొడల లోతు కుప్పలో నిలబడి కాళ్లతో తొక్కి, మోచేతుల దాకా ముంచి కలిపేవాళ్లు. మధ్యాహ్నం గంగాధరప్ప తలా ఒక బెల్లం ముక్క పంపేవాడు. బెల్లం తింటే గొంతులో దుమ్ము కోసుకుపోతుందని అందరి నమ్మకం. అవే చేతులతో ఆ బెల్లం తినేవాళ్లు.

చిక్కన్న పెండ్లికి ముందు ఏడే అందులో చేరాడు. చేరిన రోజు వాడికి గుర్తుంది. పెండ్లి రోజూ గుర్తుంది. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకోవాలని మాత్రం ఎన్నడూ తోచలేదు.

పైరు మాడిన ఆ ఏడే పంచాయితీ పెట్టి అంజినమ్మను పుట్టింటికి పంపేశాడు. నాగక్కను చేసుకున్నాడు. నాగక్క కనిపించిన ప్రతి గుడి దగ్గరా చిన్న చిన్న కొయ్య ఉయ్యాలలు కట్టింది. నాలుగేండ్లు కట్టింది. అవి గాలికి ఊగాయి, అంతే.

నాలుగో ఏడు మేత లేక ఎద్దును అమ్మేదానికి చిక్కన్న నాగలమడిక పరసకు, పశువుల జాతరకు పోయాడు. గాజుల అంగడి ముందర అంజినమ్మ కనబడింది. మారుమనువు చేసుకుందని విన్నాడు. చంకలో బిడ్డ ఉంటుందని అనుకోలేదు. రెండేండ్ల మగబిడ్డ. ముక్కు అచ్చం తల్లిదే.

"ఎవురి బిడ్డ?" అన్నాడు.

"నా బిడ్డే. కడుపు పండనిదాని బిడ్డ. బాగా సూసుకో."

"అంజినీ..."

"పేరు పెట్టి పిలవాకు. నీ చేతులు సూసుకో ముందు. గోడౌన్లో మీరు పదకొండు మంది. అందులో చేరినాక ఎవురింట్లో తొట్టిలి కట్టినారు? నేనొక్కదాన్నే గొడ్రాలనుకొని ఆరేండ్లు ఏడ్సినా. మీ ఊరి ఆడోళ్లంతా ఒక్కొక్కరే ఇంట్లో దూరి ఏడ్సిరి. ఒగనాడన్నా మీరు పదకొండు మందీ కూకొని మాట్లాడుకుంటిరా?"

బిడ్డకు గాజులు చూపించుకుంటూ వెళ్లిపోయింది. వెనక్కి తిరగలేదు.

చిక్కన్న ఎద్దును అమ్మేసి, ఎండిన పినాకిని ఏటి ఇసుకలో అడ్డంపడి నడిచాడు. ఒక్కొక్క ఇల్లూ తలచుకున్నాడు. కదిరప్ప మూడో పెండ్లాన్ని తెచ్చుకున్నాడు. శివప్ప పెండ్లాం అత్త మాటలు పడలేక బావిలో దూకింది. దాసన్నకు ఇద్దరున్నారు, ఇద్దరూ వాడు గోడౌనుకు రాకముందు పుట్టినవాళ్లు. చిక్కన్న ఇసుకలో కూర్చుని చేతులు తోమాడు. గోళ్ల సందుల్లో ఎరుపు పోలేదు.

చిక్కన్న కబురు పెడితే కూలీల సంఘం ఎర్రిస్వామి పావగడ నుంచి సైకిల్ మీద వచ్చాడు. సాయంత్రం కళ్లంలో మీటింగు పెట్టాడు. అర్జీ చదివాడు. చేతులతో కలిపే పని మానిపించాలి, మిషన్ పెట్టించాలి, పనివాళ్లకు పరీక్షలు చేయించాలి. కింద ఒక వాక్యం: "ఈ పనిలో చేరినాక మాకు బిడ్డలు పుట్టలేదు." దాని కింద పదకొండు వేలిముద్రలు కావాలి.

కదిరప్ప దిగ్గున లేచాడు. "మగోన్ని కాదని నా వేలితో నేనే ముద్దరేసుకోవాల్నా? దానికన్నా మందు తాగి సస్తా."

"తాగేదేంది, దినామూ బెల్లంతో తింటానే ఉండావు గదప్పా" అంది హొన్నమ్మ. "పెండ్లాలను తరిమేటప్పుడు ఊరంతా పిలిచి పంచాయితీ పెడితిరి. ఆపొద్దు ల్యాని సిగ్గు ఈపొద్దు యాడి నుంచి వచ్చె?"

ఆడవాళ్లు నవ్వారు. దాసన్న చుట్ట ముట్టించాడు. "నాకేం బాధ? ఇద్దరుండారు."

"మూడోవాడు యాడ దాసన్నా?" అంది హొన్నమ్మ.

దాసన్న చుట్ట ఆరిపోయింది. మళ్లీ వెలిగించలేదు.

చిక్కన్న లేచాడు. ఏం చెప్పాలో దోవ పొడుగునా అనుకున్నాడు.

"చేన్లో అంజినమ్మతో ఒడి దులిపించింది గంగాధరప్ప కాదు. నేను. తప్పు ఆయమ్మలో ల్యాకపోయె. నాలో ఉండాది. మొదటి ముద్దర నాది."

నాగక్క ఆడవాళ్ల మధ్యలో కూర్చుని ఉంది. తల వంచుకుంది. ఏడ్చిందో, ఊపిరి పీల్చుకుందో ఎవరికీ తెలియదు.

ఆ రోజు ఏడుగురు ముద్ర వేశారు. నలుగురు వేయలేదు. కదిరప్ప వేయలేదు.

తహసీల్దారు అర్జీని వ్యవసాయ ఆఫీసుకు పంపాడు. మందు విత్తనానికి ఇచ్చినది, మనిషికి కాదు గనక మా శాఖకు సంబంధం లేదని అక్కడి వాళ్లు రాశారు. పావగడ ఆసుపత్రి డాక్టరు, "ఈ పరీక్ష ఈడ ల్యాదు, బెంగుళూరికి పోవాల. పోయినా, పోయింది తిరిగొస్తాదని నేను చెప్పలేను" అన్నాడు. అందరిలోకీ నిజం చెప్పినవాడు అతనొక్కడే.

ఏడుగురూ పని మానేశారు. ఎనిమిదో రోజు తిరుమణి దిక్కు నుంచి ట్రాక్టరు వచ్చింది. అందులో పన్నెండు మంది వయసు పిల్లగాళ్లు. ఒకడి చేతికి పెండ్లి కంకణం ఇంకా విప్పలేదు. ఏడుగురూ, వాళ్ల ఆడవాళ్లూ గోడౌను ముందర రోడ్డుకు అడ్డంగా కూర్చున్నారు.

గంగాధరప్ప అర్జీ నకలు చేత్తో పట్టుకొని వచ్చాడు.

"వీళ్లు మగోళ్లు కారంట. వాళ్లే రాసిచ్చినారు, సూడండ్రా. మీరన్నా మగోళ్లేనా? అయితే దిగండి."

పిల్లగాళ్లు గొల్లుమన్నారు.

"నవ్వండప్పా" అన్నాడు చిక్కన్న. "నేనూ మీ వయసులో నవ్వినోన్నే. ఒరే కంకణమోడా, ఇంటికి పో. నీ పెండ్లాం మొగం సూసుకోని పో."

పోలీసు వ్యాను వచ్చింది. ఏడుగురినీ ఈడ్చి ఎక్కించారు. అప్పుడు రోడ్డు మీద అంజినమ్మ కనబడింది. సాక్ష్యం చెప్పమని ఎర్రిస్వామి రెండుసార్లు పోయి అడిగితే రానని చెప్పిన మనిషి. బిడ్డను హొన్నమ్మ చేతికిచ్చి, "మందు గాలి సోకనియ్యాకు, దూరంగా పట్టుకో" అంది. ట్రాక్టరు ముందర నిలబడింది.

"నేను ఆ వ్యాన్లో ఉండే చిక్కన్న మొదటి పెండ్లాన్ని. గొడ్రాలని తరిమినారు. అదో, ఆడుండేది నా కొడుకు. అనుమానముంటే దగ్గిరికి పోయి సూడండి."

వ్యాను జాలీలో నుంచి చిక్కన్న ఆమెనే చూశాడు.

"నీ కోసం రాలేదు" అంది ఆమె, వాడి వైపు చూడకుండానే.

గోడౌను వాకిట్లో మూతి విప్పిన విత్తనాల మూట ఉంది. దాన్ని కాలితో తోసింది. ఎర్ర గింజలు గంగాధరప్ప చెప్పుల దాకా దొర్లాయి. "ఆపొద్దు దులిపించినావు. ఈపొద్దు నేనే దులుపుతాండా." నాగక్క లేచి రెండో మూటను తోసింది. ఇద్దరూ ఒకరి మొగం ఒకరు చూసుకోలేదు. ఆడవాళ్లంతా లేచారు. లాఠీలూ లేచాయి.

అంతా అయినాక పన్నెండు మందిలో నలుగురు ట్రాక్టరు దిగలేదు. ఎనిమిది మంది లోపలికి పోయారు. కంకణం కట్టుకున్నవాడు కూడా పోయాడు. మధ్యాహ్నానికి బెల్లం వచ్చింది.

పావగడ కర్ణాటకలోది గనక స్టేషనులో కానిస్టేబులు ముందు కన్నడ ఫారం ఉంది. వరసగా పిలిచాడు. పేరు. తండ్రి పేరు. ఊరు.

"పిల్లలెంతమంది?"

"ల్యారు" అన్నాడు చిక్కన్న. కానిస్టేబులు గీత గీసి తలెత్తకుండానే, "నెక్స్ట్" అన్నాడు. చిక్కన్న కదలలేదు.

"ఎందుకు ల్యారో అది గూడా రాయి సార్."

"దానికి ఫారంలో జాగా ల్యాదు. జరుగు."

శివప్ప వచ్చాడు. "పిల్లల్లేరు. ఎందుకో రాయి." కానిస్టేబులు రాయలేదు. ఇంకొకడు వచ్చాడు. ఇంకొకడు వచ్చాడు. ఒకటే మాట. ఏడోవాడు దాసన్న. ఇద్దరు పిల్లల తండ్రి. బల్ల మీద ఎర్రబడిన రెండు చేతులూ పరిచాడు.

"మూడోవాడు ల్యాడు సార్. ఎందుకో రాయి."

"రాయకుంటే ఏం చేస్తారు?" అన్నాడు కానిస్టేబులు.

వెనకాల చప్పుడైంది. వాకిలి దగ్గర కదిరప్ప నిలబడి ఉన్నాడు. ముద్ర వేయనివాడు. ఎవరూ పట్టుకురాలేదు, పది మైళ్లు నడిచి వచ్చాడు. చెమటకు చేతుల మీది ఎరుపు కరిగి వేళ్ల కొసల నుంచి కారుతోంది.

"నా పేరు గూడా రాసుకో సార్" అన్నాడు. "నాకూ ల్యారు."