బ్రఖా అమ్మమ్మ లిఫ్టు దిగిన శనివారం

ఇజ్రాయెల్లో, మా రమత్ గన్ ఊరి అపార్టుమెంటులో పద్నాలుగో అంతస్తులో ఉండే నటి పేరు గెవులా. హీబ్రూలో విమోచన అని అర్థం. విమోచన గారు ఇరవై రెండేళ్లుగా ఒకే సీరియల్లో బ్రఖా అమ్మమ్మగా బందీ. సూపు పాత్ర చేత్తో పట్టుకుని "తిను నాన్నా, చల్లారిపోతోంది" అనడమే ఆవిడ పాత్ర. వృత్తి కాస్తా ఆవృత్తి అయింది. అసలు పేరు కరెంటు బిల్లు మీద మాత్రం మిగిలింది.

ఆ శనివారం ఇతమార్ అనే కుర్ర దర్శకుడు నాలుగింటి దాకా కింద హాల్లో ఉంటానన్నాడు. అతని నాటకంలో మొగుడికి విషం పెట్టే రాణి వేషం ఉంది. నాలుగు దాటితే అది వేరే ఆవిడకి. డెబ్బై ఆరేళ్ల గెవులాకి ఇంకోటి రాదు.

మోకాళ్లు మెట్లు దిగనివ్వవు. మామూలు లిఫ్టు గురువారం నుంచీ పాడు. మిగిలింది సబ్బాతు లిఫ్టు. శనివారం యూదుల విశ్రాంతి దినం, మీట నొక్కకూడదు గనుక అది తనంతట తానే ప్రతి అంతస్తులోనూ ఆగి, తలుపులు తెరిచి, తీరిగ్గా ఆలోచించుకుని మూస్తుంది. ఆ ఏర్పాటు చేయించిన కమిటీ పెద్దని నేనే. పది నిమిషాలు తక్కువ నాలుగుకి ఇద్దరం ఎక్కాం.

పన్నెండులో మజల్ ఎక్కింది, గుడ్డ చుట్టిన హమీన్ గిన్నెతో. రాత్రంతా ఉడికిన చిక్కుళ్లు, మాంసం ఘుమఘుమ.

"అమ్మమ్మా! ఆ మాట ఒక్కసారి అనవే. ఇవాళ టీవీ కూడా పెట్టకూడదాయె."

"తర్వాత, మజల్."

"అబ్బో, ఏం గీర! మేం చూడకపోతే నువ్వెవరే?"

గెవులా అనేసింది. పదిలో కవలలు ఎక్కారు. మళ్లీ అంది. తొమ్మిదిలో డాక్టర్ హనొఖ్ తలుపుకి అడ్డంగా నిలబడి ఇంట్లోకి కేకేశాడు. "రావే! బ్రఖా అమ్మమ్మ ఇక్కడే ఉంది!"

"హనొఖ్, తలుపొదులు."

"ఒక్క నిమిషం అమ్మమ్మా, మా ఆవిడ తలగుడ్డ కట్టుకుంటోంది."

గెవులా గోడకి ఆనుకుంది. నేను గడియారం చూపించలేక చెయ్యి జేబులో పెట్టుకున్నాను.

కింద తలుపులు తెరుచుకునేసరికి నాలుగు దాటి మూడు నిమిషాలు. ఇతమార్ భుజాన సంచితో గుమ్మం దగ్గరున్నాడు.

"అయ్యో, బ్రఖా అమ్మమ్మా! పర్లేదులెండి. మీది మరీ మంచి మొహం, మీరు విషం పెట్టినా జనం వరసకట్టి తింటారు. మా అమ్మకి చెప్పుకుంటాను, ఆ మాటొక్కటి అనండి."

గెవులా మజల్ చేతిలో గిన్నె తీసుకుంది. మోకాళ్ల నొప్పే తెలియనట్టు మెల్లగా అతని ముందుకు నడిచింది. మూత తీసింది. సీరియల్లో నవ్వే నవ్వే నవ్వింది. గొంతు మాత్రం దించింది.

"తిను నాన్నా. చల్లారిపోతోంది."

ఇతమార్ చెయ్యి గిన్నె వైపు సగం దూరం వెళ్లి ఆగిపోయింది. సంచి భుజం మీంచి జారింది. కవలలు నా వెనక్కి చేరారు.

"అందులో ఏం లేదు బాబూ, ఒట్టు," అంది మజల్. "నేనే వండాను."

అతను గిన్నె మీంచి కళ్లు తిప్పలేదు. "అమ్మా... మీ అసలు పేరేంటి?"

"గెవులా."

మా వెనక లిఫ్టు తలుపులు మూసుకున్నాయి. ఎవరూ ఎక్కకపోయినా పైకి బయల్దేరింది, ప్రతి అంతస్తులోనూ ఆగడానికి.