ముందే పెట్టిన సంతకాలు

నివేదిత నన్ను మోసం చేసింది. చివరిదాకా దాచి అప్పుడు చెప్పే ఓపిక నాకు లేదు గనక ముందే చెప్పేస్తున్నాను. మోసం చేసింది, అదీ నా సంతకం పక్కనే కూర్చుని.

నా పేరు అలివేలు. సౌకార్‌పేటలో మా నాన్న వరదయ్య గారి జరీ, పట్టుదారాల అంగట్లో ఇరవై ఏళ్లుగా కూర్చుంటున్నాను. మా ఇంట్లో చేప వాసన తగిలితే గుమ్మం కడుగుతారు. అలాంటి ఇంట్లో పుట్టి నేను చేపలు పట్టడం మరిగాను. పోనీ తింటానా అంటే అదీ లేదు. పట్టడం, కొలవడం, మళ్లీ నీళ్లలోకి వదిలెయ్యడం. "వదిలేసేదానికి పట్టేదెందుకే?" అని నాన్న నాలుగేళ్లుగా అడుగుతూనే ఉన్నాడు.

దీనికంతా మూలం చేపలు పట్టే పోటీలు నడిపే ప్రేమ్‌నాథ్ సార్. ఆయన ఒకరోజు అంగడికొచ్చి వెంట్రుకంత సన్నటి వెండి జరీ కావాలన్నాడు. చీరకా, జాకెట్టుకా అని అడిగితే "చేపకి" అన్నాడు. జేబులోంచి తీసి చూపించాడు. చిన్న కొక్కెం, దానికి చుట్టిన దారం, రెండు ఈకలు. దూరం నుంచి చూస్తే అచ్చం రొయ్యపిల్ల. దాన్ని ఫ్లై అంటారు. బరువే లేని ఆ ఎరని పొడుగాటి కర్రకి కట్టిన లావు దారంతో గాల్లో ముందుకీ వెనక్కీ ఆడించి, దూరంగా నీళ్ల మీద వాలేలా విసరాలి. వారం తిరక్కుండా ముట్టుకాడులో, సముద్రం లోపలికి వచ్చే బ్యాక్‌వాటర్‌లో మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉన్నాను. అప్పటికి నాకు ముప్పై ఏడేళ్లు. ఎవరూ చెయ్యమనకుండా, ఎవరి కోసమూ కాకుండా నేను చేసిన మొదటి పని అది.

నివేదిత ఏడాది తర్వాత మాతో చేరింది. షోళింగనల్లూరులో కంప్యూటర్ ఉద్యోగం. మాలాగే తరాల నాడు ఈ తమిళ ఊరికొచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ల పిల్ల. నాకంటే పద్నాలుగేళ్లు చిన్నది. కర్ర విసిరేటప్పుడు మణికట్టు వంచేసేది. జరీ అంచు ముక్క ఒకటి తెచ్చి, ఆమె చేతిని కర్రకి కట్టి మరీ నేర్పాను. ఆమె ఎరలు కూడా నేనే కట్టిచ్చేదాన్ని. ప్రతి ఆదివారం ఆమె స్కూటర్ వెనక కూర్చుని వెళ్లేదాన్ని, నా క్యారియర్‌లో ఇడ్లీలు ఇద్దరం తినేవాళ్లం. చెల్లెలు లేని లోటు తీరిందని మురిసిపోయాను. నా అంత వెర్రిది ఊళ్లో ఇంకొకతి ఉండదు.

పోటీలో ఒక పద్ధతి ఉంది. ఒకరు చేపలు పడుతుంటే ఇంకొకరు పక్కన కొలత తొట్టీ, కార్డూ పట్టుకుని నిలబడాలి. చేప పడగానే తొట్టిలో పెట్టి, పొడుగు చదివి, కార్డులో రాయాలి. పట్టినవాళ్లు ఆ అంకె చూసి పక్కన సంతకం చెయ్యాలి. తర్వాత ఇద్దరూ స్థానాలు మార్చుకోవాలి. ఇరవై సెంటీమీటర్ల కంటే చిన్న చేప లెక్కలోకి రాదు. ఎవరు ఎక్కువ చేపలు పడితే వాళ్లది గెలుపు.

చేతులు తడి, కార్డు తడి. ప్రతిసారీ తుడుచుకుని సంతకం పెట్టేలోగా చేపల గుంపు వెళ్లిపోయేది. అందుకని ప్రాక్టీసులో నేను అన్ని గళ్లలోనూ ముందే సంతకాలు పెట్టేసి కార్డు నివేదిత చేతికిచ్చేదాన్ని. మా బజార్లో మాట మీదే బండ్ల కొద్దీ సరుకు కదులుతుంది. ఈ సంతకం ఎంత అనుకున్నాను. మూడేళ్లు అలాగే సాగింది, ఒక్కసారి కూడా తేడా రాలేదు.

న్యూజిలాండ్‌లో జరిగే ఆడవాళ్ల పోటీకి వెళ్లే జట్టులో ఒక్కటే చోటు మిగిలింది. దానికి మొన్న ఆదివారం ముట్టుకాడులో ఎంపిక పోటీ పెట్టారు. నేను నాన్నకి చెప్పకుండా పాస్‌పోర్టు తీయించుకున్నాను. తిరుపతి దాటి ఎరగని నేను విమానం ఎక్కాలని ఎంత ఆశపడ్డానో ఎవరితోనూ అనలేదు, ఒక్క నివేదితతో తప్ప. చీట్లలో ఆమె పేరే నా జతగా వచ్చింది. దేవుడున్నాడనుకున్నాను.

మొదటి వంతు నాది. అలవాటు ప్రకారం సంతకాలన్నీ గీకేసి కార్డిచ్చాను. ఆ రోజు చెయ్యి చెప్పినట్టు వినింది. ఐదు చేపలు, ఐదూ కొడువాలే. ఆంధ్రాలో పండుగప్ప అంటారు. మొదటిది జానెడున్నర ఉంది. చివరి రెండూ చిన్నవే గానీ, తొట్టిలో పెట్టినప్పుడు ఒకటి ఇరవై నాలుగు గీత దగ్గర, ఇంకొకటి ఇరవై మూడు దగ్గర తోక ఆడించడం నా కళ్లతో చూశాను. "సూపర్ అక్కా!" అంది నివేదిత. రాసింది. నేను మళ్లీ నీళ్ల వైపు తిరిగాను.

తర్వాత ఆమె వంతు. కొలత నాది. ఆమె మాత్రం ప్రతి చేపకీ చేతులు టీషర్టుకి తుడుచుకుని, అంకె రెండుసార్లు చూసి, ఒక్కొక్క సంతకం విడిగా పెట్టింది. ఇదేమిటి కొత్తగా అనిపించింది. పాపం, కంగారు పడుతోంది అనుకుని ఊరుకున్నాను.

మూడు చేపలు పట్టింది. నాలుగోది తగిలిందో లేదో ఆఖరి విజిల్ మోగింది. ఒడ్డు నుంచి ప్రేమ్‌నాథ్ సార్ చెయ్యి ఊపి "ఇది చెల్లదు" అన్నాడు. విజిల్‌కి ముందే తగిలితే చెల్లుతుంది, అది రూలు. నేను చూశాను, ముందే తగిలింది. నీళ్లలో అడ్డంపడి ఆయన దగ్గరికి వెళ్లి, గొంతు చించుకుని వాదించాను. నా మాట మీద ఆయన ఒప్పుకున్నాడు. ఆమెవి నాలుగు, నావి ఐదు. ఎలాగూ నేనే గెలుస్తాను, పిల్లకి రావాల్సింది రానీ అనుకున్నాను.

టీ బంకు పక్కన బోర్డు పెట్టారు. నివేదిత నాలుగు, అలివేలు మూడు, ఇంకో జతలోని శరణ్య మూడు. నేను కార్డు అడిగి తీసుకుని చూశాను. నా చివరి రెండు చేపల దగ్గరా పంతొమ్మిది అని రాసి ఉంది. గుండ్రటి, ముద్దైన అక్షరాలు. పక్కన నా సంతకాలు.

నివేదిత బంకు వెనక కర్ర విడదీస్తోంది. ఇంకా, నా పిచ్చి చూడండి, పొరపాటేమోననే అనుకుంటూ వెళ్లాను.

"ఏమ్మా, ఆ రెండూ తప్పుగా రాసేసినావే?"

"లేదుక్కా. చూసిందే రాసినా."

"ఇరవై నాలుగు. నువ్వే సూపర్ అంటివి."

ఆమె కర్ర సంచిలో పెట్టి జిప్పు లాగింది. అప్పటికి తలెత్తి నా మొహంలోకి చూసింది. కళ్లలో భయం లేదు.

"నీకు అంగడి ఉంది, అందరూ తెలుసు. నాకేముందిక్కా? ఇదొక్కటే." గొంతు తగ్గించింది. "ఇంకెవరి దగ్గరైనా ఐతే నేను చేసుండను, సత్తియమా, ఒట్టు. నువ్వైతే ఏమీ అనవని తెలుసు. ఒకవేళ అన్నా, ముందే సంతకం పెట్టినానని నువ్వే చెప్పాల. చెప్తే నిన్నూ తీసేస్తారు. పోనీ, విడుక్కా."

ఇంకెవరి దగ్గరైనా ఐతే చేసేది కాదట. నేను ప్రేమగా ఉన్నాను కాబట్టే చేసిందట. నా ఒళ్లు మండిపోయింది. రెండు చెంపలూ వాయించాలనిపించింది. దానికంటే ఎక్కువగా, ఆమెని పట్టుకుని బావురుమనాలనిపించింది. రెండూ చెయ్యలేదు.

ఇంతలో ప్రేమ్‌నాథ్ సార్ కాగితాలు మడుస్తూ వచ్చాడు. "అభ్యంతరాలేమైనా ఉంటే అర్ధగంటలో చెప్పాల. ఏమ్మా అలివేలు, సరేనా?"

ఊరుకుంటే వచ్చే ఏడాది మళ్లీ ప్రయత్నించొచ్చు. నోరు విప్పితే రెండేళ్లు ఏ పోటీలోనూ కర్ర పట్టనివ్వరు. రూలు పుస్తకంలో అది మొదటి పేజీలోనే ఉంది. నివేదిత నన్ను చూసి కొంచెం తల అడ్డంగా ఊపింది. చిన్నపిల్లకి వద్దని సైగ చేసినట్టు.

"సార్, ఆ కార్డులో అంకెలు తప్పు," అన్నాను. "సంతకాలు నావే. కానీ ఒక్క చేప కూడా పట్టకముందే, ఖాళీ కార్డు మీద పెట్టినాను. మా ఇద్దరికీ తెలుసును."

ఆయన కార్డు అందుకుని చూశాడు. నివేదితని నిజమా అని అడిగాడు. అందరి ముందూ అబద్ధం ఆడలేక ఆమె నేల చూసింది. ఖాళీ కార్డు ఇచ్చినందుకు నన్నూ, తీసుకుని తప్పు రాసినందుకు ఆమెనీ పోటీలోంచి కొట్టేశాడు. ఇద్దరికీ రెండేళ్లు. బోర్డు మీద శరణ్య పేరు మొదటికి వచ్చింది. శరణ్య బిత్తరపోయి నిలబడింది, పాపం, చప్పట్లు కొట్టడానికి ఎవరికీ చేతులు రాలేదు.

నేను నా సంచి తీసుకున్నాను. ఒంటరిగా బస్సెక్కాలి. రోడ్డు మీదికి వచ్చేసరికి వెనక నుంచి నివేదిత పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఏడుస్తోంది. నిజంగానే ఏడుస్తోంది, వెక్కిళ్లు పెట్టి. క్షమించమంటుందేమో అనుకున్నాను. అడిగితే ఏం చెప్పాలో కూడా ఆలోచించుకున్నాను.

"నువ్వు నాకు ఇట్లా ద్రోహం చేస్తావని అనుకోలేదక్కా," అంది.

ద్రోహం అన్న ఆ మాట ఒక్కటే నాకు మిగిలింది అనుకున్నాను. అది కూడా తనే తీసేసుకుంది.